కరెంటు పారిన ప్లాస్టిక్ పొర



ఇంట్లో వాడే కరెంటు తీగను ఒకసారి తలచుకోండి. లోపల రాగి, పైన ప్లాస్టిక్ తొడుగు. రాగి కరెంటును మోస్తుంది. తొడుగు దాన్ని బయటికి రానివ్వదు. 1907లో బేక్‌లండ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు బేకలైట్ తయారు చేసిన నాటినుంచి విద్యుత్ రంగంలో ప్లాస్టిక్‌కు దొరికింది కాపలా ఉద్యోగమే. స్విచ్చు మూత, ప్లగ్గు, బల్బు హోల్డరు, తీగ మీది తొడుగు, అన్నింటిలోనూ దాని పని ఒక్కటే: కరెంటు మనిషిని తాకకుండా అడ్డుకోవడం.

ఆ కాపలాదారు చేతనే కరెంటును మోయించిన కథ ఈ పూట చెప్పుకుందాం. 2000వ సంవత్సరంలో ముగ్గురు శాస్త్రజ్ఞులకు ఈ పనికి నోబెల్ బహుమతి ఇచ్చారు. దాంతో ఈ సంగతి 1977లో పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అంతకుముందే అది మూడు నాలుగుసార్లు మనుషుల చేతికి చిక్కి జారిపోయింది. చేతిలో ఉన్నదాన్ని గుర్తించకుండా ఎందుకు వదిలేశారన్నదే నాకు ఈ చరిత్రలో ముఖ్యమైన ప్రశ్నగా తోస్తుంది.

కథలోకి వెళ్లేముందు రెండు మూడు మాటల సంగతి. మన శ్రోతల్లో చాలామంది చదువు తెలుగులో సాగలేదు. కన్నడంలోనో మరాఠీలోనో చదివినవారికి కరెంటును మోసే పదార్థం వాహకమని తెలుసు. తెలుగులోనూ అదే మాట. తమిళంలో చదివినవారు దాన్ని కడత్తి అంటారు, ఒడియాలో చదివినవారు పరివాహి అంటారు. మోయని పదార్థాన్ని తెలుగు పుస్తకాల్లో బంధకం అని రాస్తారు. ఈ రెండింటికీ మధ్యరకం అర్ధవాహకం. ట్రాన్సిస్టరులో ఉండే సిలికాన్ అలాంటిది. ఇక పాలిమర్ అంటే పూసలదండ. చిన్న అణువులు వందలు, వేలు ఒకదానికొకటి అతుక్కుని పొడవైన దండగా ఏర్పడితే అది పాలిమర్. మనం ప్లాస్టిక్ అనే వస్తువులన్నీ ఇలాంటి దండల ముద్దలే.

మొదటిసారి చిక్కింది 1862లో, లండన్‌లో. హెన్రీ లెథబీ అనే ఆయన అక్కడి లండన్ ఆసుపత్రి వైద్య కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పేవాడు. విషాల పరీక్షలో పేరున్న మనిషి. అనిలిన్ అనే ద్రవాన్ని గంధకామ్లంలో కలిపి అందులో కరెంటు పంపితే, ప్లాటినం పలక మీద ముదురు నీలం పొర ఒకటి పట్టింది. రసాయనాలు మార్చితే ఆ పొర రంగు పోయేది, మళ్లీ వచ్చేది. లెథబీ ఆ రంగుల మార్పునంతా శ్రద్ధగా రాసిపెట్టాడు. ఆయన చేతిలో ఉన్నది ఈనాడు మనం పాలిఅనిలిన్ అని పిలుస్తున్న వాహక పాలిమర్. అది కరెంటును మోస్తుందా అని ఆయన అడగలేదు. అడగడానికి కారణమూ లేదు. పాలిమర్ అనేది పొడవైన దండ అన్న ఊహ శాస్త్రంలో నిలదొక్కుకోవడానికి ఇంకా అరవై ఏళ్లు పైగా పట్టింది. లెథబీని తప్పుపట్టలేం.

రెండోసారి సంగతి వేరు. 1963లో ఆస్ట్రేలియాలో డొనాల్డ్ వైస్, బోల్టో, మెక్‌నీల్ మొదలైనవారు పాలిపిరోల్ అనే నల్లని పదార్థాన్ని తయారుచేసి, అందులో అయోడిన్ ఉంచి, నిరోధాన్ని కొలిచారు. ఆ నిరోధం మామూలు ప్లాస్టిక్‌తో పోలిస్తే ఊహించలేనంత తక్కువ. ఆ వ్యాసాలకు వాళ్లు పెట్టిన పేరే పాలిమర్లలో ఎలక్ట్రాన్ వాహకత. అంటే తమ చేతిలో ఉన్నదేమిటో వాళ్లకు తెలుసు. అయోడిన్ ఉంటేనే వాహకత పెరుగుతుందనీ చెప్పారు. అయినా ఆ పని ఆస్ట్రేలియా రసాయన పత్రికలోనే ఉండిపోయింది. ఆ బృందంలోని పెద్దలు ఉప్పునీటిని మంచినీరుగా మార్చే రెజిన్ల పనిలోకి మళ్లారు. ఫ్రాన్స్‌లో కూడా 1960లలోనే బువే, జోజెఫోవిచ్ అనేవారు పాలిఅనిలిన్ వాహకతను కొలిచారు. వాళ్ల పేర్లూ బయట పెద్దగా వినపడలేదు. ఆ పదార్థాలు పొడిగానో మసిముద్దగానో ఉండేవి. లోపల ఏం జరుగుతోందో చూడడానికి వీల్లేని నల్లటి ముద్దలో కరెంటు పారిందంటే భౌతికశాస్త్రజ్ఞులు నమ్మలేదు, ఏ మలినమో ఉండి ఉంటుందని పక్కన పెట్టారు. ఆ అనుమానంలో కొంత న్యాయం ఉంది. కానీ అనుమానం తీర్చుకోవడానికి కూడా ఎవరూ పూనుకోకపోవడం మాత్రం విచారించవలసిన విషయమే.

ఇక్కడ కథను ఒక్క నిమిషం ఆపి, మీ ఊరి జిరాక్స్ షాపులోకి వెళ్దాం. రేషన్ కార్డుకో మార్కుల లిస్టుకో కాపీ తీయించుకోని మనిషి లేడు కదా. ఆ యంత్రంలో తిరిగే డ్రమ్ము మీద ఒక పలుచని పూత ఉంటుంది. చీకట్లో అది బంధకం. దాని మీద విద్యుదావేశం, అంటే చార్జి, చల్లితే అక్కడే నిలబడి ఉంటుంది. వెలుతురు పడిన చోట మాత్రం వాహకమై చార్జిని దిగిపోనిస్తుంది. కాగితంలో తెల్లగా ఉన్న చోటినుంచి వెలుతురు పడి చార్జి పోతుంది. అక్షరం ఉన్న చోట చార్జి మిగిలి, నల్లపొడి అక్కడే అంటుకుంటుంది. చెస్టర్ కార్ల్‌సన్ అనే అమెరికన్ 1938 అక్టోబరు 22న న్యూయార్క్ నగరంలోని ఆస్టోరియాలో తొలిసారి ఇలా కాపీ తీసినప్పుడు జింకు పలక మీద గంధకం పూత వాడాడు. తర్వాత సెలీనియం వచ్చింది. 1970లో ఐబీఎం కంపెనీ తన కాపీ యంత్రంలో పాలివినైల్ కార్బజోల్ అనే పాలిమర్ పొరను వాడింది. ఆ తర్వాత వచ్చిన డ్రమ్ములు ఎక్కువగా ప్లాస్టిక్ పూతలవే. నోబెల్ బహుమతికి మూడు దశాబ్దాల ముందే పలుచని పాలిమర్ పొర కరెంటు మోస్తూ దుకాణంలో పనిచేస్తూ ఉందన్నమాట. బహుమతుల చరిత్ర రాసేవాళ్లు ఈ డ్రమ్మును ఎందుకో మరిచిపోతారు.

ఈ డ్రమ్ము పొరలో చార్జి ఎలా కదులుతుందో తెలుసుకోవడానికి ఒక చక్కని పరీక్ష ఉంది. పొర ఒక ముఖం మీద క్షణంలో వెయ్యో వంతుకన్నా తక్కువసేపు వెలుగు మెరిపిస్తారు. అక్కడ చార్జి పుడుతుంది. వోల్టేజి దాన్ని రెండో ముఖం వైపు లాగుతుంది. అన్నీ ఒకే వేగంతో నడిస్తే, కొంతసేపు కరెంటు నిలకడగా ఉండి, చార్జి అవతలి ఒడ్డు చేరగానే ఒక్కసారి ఆగిపోవాలి. అలా జరగలేదు. కరెంటు మొదటినుంచీ తగ్గుతూ, పొడవాటి తోకలాగా చాలాసేపు కొనసాగింది. పొర మందం రెట్టింపు చేస్తే, పట్టే కాలం రెట్టింపుకన్నా ఎక్కువ అయింది.

1975లో జిరాక్స్ కంపెనీకి చెందిన హార్వే షెర్, రోచెస్టర్ విశ్వవిద్యాలయంలోని ఎలియట్ మాంట్రోల్ దీనికి లెక్క కట్టి కారణం చెప్పారు. సాయంత్రం సంత ముగిశాక ఇళ్లకు పోయే జనాన్ని ఊహించుకోండి. అందరూ ఒకేసారి బయల్దేరుతారు. కొందరు సరాసరి పోతారు. కొందరు దారిలో టీ కొట్టు దగ్గర పది నిమిషాలు ఆగుతారు. ఒకరిద్దరు చుట్టాల ఇంట్లో కూర్చుండిపోయి, తెల్లారి గాని ఊరు చేరరు. దారి ఎంత పొడవైతే, ఎక్కడో ఒకచోట చిక్కుకుపోయే అవకాశం అంత ఎక్కువ. పాలిమర్ పొరలో చార్జి నడకా ఇంతే. రాగిలో ఎలక్ట్రాన్ ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడకుండా తీగంతా తిరుగుతుంది. ఇక్కడ మాత్రం చార్జి ఒక అణువు మీద కూర్చుని, పక్క అణువు మీదికి గెంతుతుంది. ఆ పక్కది కొంచెం ఎత్తులో ఉంటే, అంటే అక్కడ ఉండడానికి ఎక్కువ శక్తి కావాలంటే, వేడి అందించే కుదుపు కోసం కాచుకుని ఉంటుంది. అందుకే రాగి తీగను చల్లబరిస్తే కరెంటు మరింత సులువుగా పారుతుంది, ఇలాంటి పొరను చల్లబరిస్తే మరింత కష్టంగా పారుతుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇప్పుడు జపానుకు పోదాం. 1958లో ఇటలీలో జూలియో నట్టా అనే మహాశయుడు ఎసిటిలీన్ వాయువును పాలిమర్‌గా మార్చాడు. వెల్డింగ్ షాపుల్లో వాడే ఆ వాయువే. దండ అయ్యాక అది నల్లటి పొడి. ఏ ద్రవంలోనూ కరగదు, కాల్చినా ద్రవం కాదు. అలాంటి పొడితో ఎవరికేం పని? టోక్యో సాంకేతిక విద్యాసంస్థలో ఇకెడా అనే ఆచార్యుని దగ్గర పనిచేసే హిడెకి షిరకావాకు మాత్రం ఆ దండ ఎలా తయారవుతుందో తెలుసుకోవాలని పట్టుదల.

1967లో కొరియా నుంచి హ్యుంగ్ చిక్ ప్యున్ అనే పరిశోధకుడు ఆ ప్రయోగశాలకు అతిథిగా వచ్చాడు. షిరకావా చెప్పిన పాళ్ల ప్రకారం ప్రయోగం మొదలుపెట్టాడు. కాసేపటికి సీసాలో పొడి లేదు. ద్రవం మీద చిరిగిన గుడ్డ పేలికల్లాంటి పొర తేలుతోంది. వెనక్కి పోయి చూస్తే ఉత్ప్రేరకం, అంటే చర్యను నడిపించే పదార్థం, వేయవలసినదానికి వెయ్యి రెట్లు పడింది. మిల్లీమోల్ అని ఉండవలసిన చోట మోల్ అని చదివారో, రాశారో. తాను మిల్లీ అన్న గుర్తు రాయడం మరిచిపోయి ఉండవచ్చు, అతిథి సరిగ్గా చదవకపోయి ఉండవచ్చు అని షిరకావా తర్వాత చెప్పుకున్నాడు.

ఈ ఘట్టాన్ని అదృష్టమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఆ మాట అంతగా రుచించదు. పాళ్లు తప్పడం ప్రతి ప్రయోగశాలలోనూ, ఆ మాటకొస్తే ప్రతి వంటింట్లోనూ జరిగేదే. ఉప్పెక్కువైన కూరను పారబోసేవాళ్లే ఎక్కువ. షిరకావా పారబోయలేదు. వెయ్యి రెట్ల ఉత్ప్రేరకంతో పొర ఎందుకు వచ్చిందో తేల్చుకుని, కావాలని మళ్లీ మళ్లీ తయారుచేశాడు. బాగా చల్లగా, సున్నాకు దిగువన 78 డిగ్రీల దగ్గర చేస్తే రాగి రంగు పొర వచ్చేది. 150 డిగ్రీల దగ్గర చేస్తే వెండిలా మెరిసే పొర వచ్చేది. మెరుపు లోహానిదే గాని అప్పటికి అది వాహకం కాదు. అర్ధవాహకం మాత్రమే.

ఎందుకని? ఇక్కడ దండ లోపలికి చూడాలి. ప్రతి కార్బన్ పరమాణువుకు నాలుగు చేతులున్నాయనుకోండి. దండలో రెండు చేతులు అటూ ఇటూ ఉన్న కార్బన్‌లను పట్టుకుంటాయి, ఒకటి హైడ్రోజన్‌ను పట్టుకుంటుంది. నాలుగోది మిగిలిపోతుంది. ఆ నాలుగో చెయ్యి కూడా పక్క కార్బన్‌నే రెండోసారి పట్టుకుంటుంది. అంటే ఒకచోట రెండు చేతుల పట్టు, తర్వాత ఒక చేతి పట్టు, మళ్లీ రెండు చేతుల పట్టు. రసాయనశాస్త్రంలో ద్విబంధం, ఏకబంధం అంటారు. నాలుగో చేతులన్నీ అందరినీ సమానంగా పట్టుకుని ఉంటే, ఎలక్ట్రాన్లు దండ పొడుగునా తిరిగేవి, అది లోహమయ్యేది. కానీ జతలు జతలుగా బిగుసుకోవడమే దండకు సుఖం. జత కట్టిన ఎలక్ట్రాన్‌ను విడిపించాలంటే దాదాపు ఒకటిన్నర ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. మామూలు వేడికి అంత శక్తి లేదు.

షిరకావా, ఇకెడా ఒక ప్రయోగంలో ఈ పొర మీదికి క్లోరిన్, బ్రోమిన్ పంపారు. పొరలో ఏ బంధాలున్నాయో చూడడానికి పరారుణ కిరణాలు పంపి కొలవడం వాళ్ల అలవాటు. వాయువు తగిలిన మొదట్లోనే ఆ కిరణాలు పొరను దాటి రావడం ఒక్కసారిగా పడిపోయింది. పరారుణ కిరణాలను అలా అడ్డుకునేది లోహం. అంటే ఆ క్షణంలో పొర లోహంలా మారుతూ ఉంది. వాళ్లు కిరణాలను కొలిచారుగాని ఆ క్షణంలో నిరోధాన్ని కొలవలేదు. ఇది నేను చెప్పిన జారిపోవడాల్లో ఆఖరిది, అన్నింటికన్నా దగ్గరగా వచ్చి జారినది. షిరకావా సమర్థుడైన రసాయన శాస్త్రజ్ఞుడు. ఆ బల్ల దగ్గర లేనిది పక్కన నిలబడి ‘ఓసారి మీటరు పెట్టి చూద్దాం’ అనే భౌతికశాస్త్రజ్ఞుడు.

ఆ మనిషి అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. పేరు అలన్ హీగర్. అక్కడే రసాయనశాస్త్రం చెప్పే అలన్ మెక్‌డైర్మిడ్ న్యూజిలాండ్‌లో పుట్టినవాడు. గంధకం, నత్రజని కలిసిన దండ ఒకటి లోహంలా కరెంటు మోస్తుందని తెలిసి, దాన్ని తయారుచేసి ఇమ్మని హీగర్ ఆయన దగ్గరికి పోయాడు. గంధకానికి గుర్తు ఎస్, నత్రజనికి ఎన్. తగరానికి గుర్తు ఎస్‌ఎన్. హీగర్ ఎస్‌ఎన్ అంటుంటే, తగరం లోహమే గదా, అది కరెంటు మోయడంలో వింతేముంది అనుకున్నాడట మెక్‌డైర్మిడ్. కాగితం మీద రాసుకుంటే గాని సంగతి తేలలేదు. ఒకే విశ్వవిద్యాలయంలో ఉన్న రసాయన, భౌతిక శాస్త్రజ్ఞులకే భాష కుదరడానికి ఇంత పట్టింది. రెండు భాషల మధ్య బతికే మనకు ఈ తంటా కొత్తదేమీ కాదు.

మెక్‌డైర్మిడ్ 1975లో జపాను వెళ్లినప్పుడు టోక్యోలో తన బంగారు రంగు పదార్థాన్ని చూపించాడు. తర్వాత టీ తాగుతుండగా షిరకావా తన వెండి పొరను చూపించాడు. మెక్‌డైర్మిడ్ ఆయన్ను వెంటనే అమెరికాకు పిలిచాడు. 1976లో షిరకావా ఫిలడెల్ఫియా చేరాడు. ఆ ఏడాది నవంబరు 23న షిరకావా, హీగర్ శిష్యబృందంలోని చ్వాన్ చియాంగ్ కలిసి పొరకు నాలుగు తీగలు అతికించి, గాజుపాత్రలో పెట్టి, బ్రోమిన్ ఆవిరి వదిలారు. ఈసారి మీటరు ఉంది. కొద్ది నిమిషాల్లో వాహకత కోటి రెట్లు పెరిగింది. తర్వాత అయోడిన్‌తోనూ అదే జరిగింది. 1977లో వ్యాసాలు వెలువడ్డాయి.

బ్రోమిన్, అయోడిన్ అక్కడ చేసిన పనేమిటి? అవి ఎలక్ట్రాన్ల కోసం ఆశపడే మూలకాలు. దండనుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటాయి. బడిపిల్లలు వరుసగా నిలబడి జతలు జతలుగా చేతులు పట్టుకున్నారనుకోండి. ఎడమ చివరినుంచి ఒకటీ రెండూ, మూడూ నాలుగూ అని జతలు కట్టుకొచ్చారు. కుడి చివరినుంచి కూడా అలాగే కట్టుకొచ్చారు. వరుసలో ఉన్నది బేసి సంఖ్య అయితే మధ్యలో ఒక పిల్లవాడు ఒంటరిగా మిగులుతాడు. వాడు కుడిపక్కవాడి చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు ఆ పక్కవాడి పాత జతగాడు ఒంటరి అవుతాడు. ఏ పిల్లవాడూ తన చోటు వదలలేదు, కానీ ఒంటరితనం మాత్రం రెండు చోట్లు ముందుకు జరిగింది. ఆ ఒంటరి చోటినుంచి ఎలక్ట్రాన్‌ను అయోడిన్ తీసుకుపోతే అక్కడ ధనావేశం మిగులుతుంది. అదీ ఇలాగే దండ వెంట నడుస్తుంది. 1979లో సూ, ష్రీఫర్, హీగర్ దీనికి గణితం రాశారు. ష్రీఫర్ అంతకుముందే అతివాహకత సిద్ధాంతానికి 1972 నోబెల్ బహుమతి పొందినవాడు. ఈ నడిచే ఒంటరి చోటును సొలిటాన్ అన్నారు.

కానీ దండ ఎంత పొడుగైనా పొర ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకే దండ ఉండదు. షిరకావా పొరను సూక్ష్మదర్శినిలో చూస్తే అది చిక్కుపడిన నారపోగుల ముద్ద. ఒక్కో పోగు మందం మిల్లీమీటరులో యాభైవేల వంతు. పొరలో దాదాపు మూడింట రెండొంతులు ఖాళీయే. దండ మీద చార్జి ఎంత జోరుగా పోయినా దండ చివర ఆగి, పక్క దండ మీదికి గెంతాలి. పోగు చివర ఆగి, పక్క పోగు మీదికి గెంతాలి. మనం జిరాక్స్ డ్రమ్ములో చూసిన గెంతుడే ఇక్కడా ఉంది. మొత్తం పొర ఎంత కరెంటు మోస్తుందో నిర్ణయించేది దండ మీది పరుగుకన్నా ఈ గెంతులే. అందుకే పొరను సాగదీసి పోగులన్నింటినీ ఒక దిక్కుకు తిప్పితే వాహకత బాగా పెరిగింది. 1987లో జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీలో నార్మన్, థియోఫిలూ రాగిలో నాలుగోవంతు వాహకత ఉన్న పాలిఎసిటిలీన్ చేశామని ప్రకటించారు.

ఇంత గొప్ప పొర ఇప్పుడు ఎక్కడ వాడుతున్నారని అడిగితే, ఎక్కడా లేదనే చెప్పాలి. గాలి తగిలితే ఆక్సిజన్ ఆ ద్విబంధాలను తినేస్తుంది. పొర పెళుసెక్కి చెడిపోతుంది. అందుకే పరిశోధకులు గాలికి నిలిచే దండల కోసం వెతికారు. వెతికి ఎక్కడికి వచ్చారు? లెథబీ పాలిఅనిలిన్‌కు, వైస్ పాలిపిరోల్‌కు! 1980లలో మెక్‌డైర్మిడ్ స్వయంగా పాలిఅనిలిన్ చేతపట్టాడు. దాన్ని వాహకంగా మార్చడానికి ఎలక్ట్రాన్ తీయనక్కరలేదు, ఆమ్లంలో ముంచితే చాలునని తేలింది. జర్మనీలో బేయర్ కంపెనీవాళ్లు థయోఫీన్ జాతికి చెందిన మరో పాలిమర్ కనిపెట్టారు. దాని పొట్టిపేరు పెడాట్. నీళ్లలో కలిసేలా చేసి పూయడానికి వీలు కల్పించారు. ఫోటో ఫిలిం చుట్టలు విప్పేటప్పుడు రాపిడికి చార్జి పుట్టి, చిటపట నిప్పురవ్వలు వచ్చి, బొమ్మమీద మచ్చలు పడేవి. అగ్ఫా కంపెనీ ఫిలిం వెనక పెడాట్ పూత పూసి ఆ చార్జిని దింపేసింది. ఇప్పుడు కంప్యూటర్లలోని కొన్ని కెపాసిటర్లలోనూ ఈ పదార్థమే ఉంది. కంటికి కనిపించదు, ఎవరూ దాని పేరు చెప్పుకోరు.

ఇంతవరకు చెప్పినది అయోడిన్‌లాంటి వాటితో దండను మార్చి కరెంటు పారించడం. అలా మార్చకుండా, బంధకాన్ని బంధకంగానే ఉంచి కరెంటు పంపవచ్చా? పొర చాలా పలుచగా ఉంటే పంపవచ్చు. లెక్క చూడండి. తలవెంట్రుక మందాన్ని ఏడెనిమిది వందల భాగాలు చేస్తే ఒక భాగం ఎంతో, అంత మందం పొర తీసుకుందాం. మిల్లీమీటరులో పదివేల వంతు. దానికి అటూ ఇటూ లోహపు పూత పూసి, ఒక్క వోల్టు పెట్టండి. టార్చి సెల్లు కూడా ఒకటిన్నర వోల్టులు ఇస్తుంది. ఆ ఒక్క వోల్టే అంత సన్నని దూరంలో పడేసరికి మీటరుకు కోటి వోల్టుల లెక్క అవుతుంది. మీటరుకు 30 లక్షల వోల్టులకే గాలి చీలి మెరుపు పుడుతుంది. అంత బలమైన లాగుడుకు లోహంనుంచి చార్జి పొరలోకి దూరుతుంది. దూరిన చార్జి వెనక వచ్చేదాన్ని నెడుతుంది, ఎందుకంటే ఒకే జాతి చార్జులు వికర్షించుకుంటాయి. ఈ రద్దీ ఉన్నప్పుడు కరెంటు ఎంత పారుతుందో 1940లోనే మాట్, గర్నీ లెక్క కట్టి ఉంచారు. వోల్టేజి రెట్టింపు చేస్తే కరెంటు నాలుగు రెట్లు. అదే వోల్టేజికి పొర మందం సగం చేస్తే ఎనిమిది రెట్లు. రాగి తీగ పొడవు సగం చేస్తే రెట్టింపు మాత్రమే అవుతుంది. పొర పలుచన కావడం ఎంత పని చేస్తుందో ఈ లెక్కతో తెలుస్తుంది.

దీన్ని ఉపయోగించుకుని 1987లో కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ పది వోల్టులకన్నా తక్కువకే ప్రకాశవంతంగా వెలిగే పొరలు చేశారు. అవి చిన్న అణువుల పొరలు. పాలిమర్ వంతు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో వచ్చింది. జెరెమీ బరోస్ అనే యువ పరిశోధకుడు ఒక పాలిమర్ పొరకు వోల్టేజి పెట్టి పరీక్షిస్తుండగా అది పచ్చగా వెలిగింది. బరోస్, బ్రాడ్లీ, ఫ్రెండ్ మొదలైనవారు 1990లో దాన్ని ప్రకటించారు. ఒక లోహంనుంచి ఎలక్ట్రాన్లు, రెండోవైపునుంచి ఎలక్ట్రాన్ లేని ఖాళీలు పొరలోకి దూరి, గెంతుకుంటూ ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి. కలిసినచోట వెలుగు పుడుతుంది. ఇప్పుడు కొత్త ఫోన్ల తెరల్లో వెలిగేవి ఈ కుటుంబంవే, అయితే వాటిలో వెలిగేవి ఎక్కువగా కొడాక్ దారిలో వచ్చిన చిన్న అణువులు. పాలిమర్ ఆ పందెంలో వెనకబడింది. పాలిమర్ దండలో చార్జి చిక్కుకునే చోట్లు ఎక్కువ, శుద్ధి చేయడం కష్టం. ఈ మాట దాచకుండా చెప్పుకోవాలి, ఎందుకంటే రాగి తీగల రోజులు పోయి ప్లాస్టిక్ తీగలు వస్తాయని 1980లలో పత్రికలు రాసినదేదీ జరగలేదు.

నోబెల్ కమిటీ 2000లో హీగర్, మెక్‌డైర్మిడ్, షిరకావాలను ఎంచుకుంది. ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచరు. 1976 నవంబరులో షిరకావా పక్కనే నిలబడి మీటరు చదివిన చియాంగ్ పేరు అందులో లేదు. వెయ్యి రెట్లు వేసిన ప్యున్ పేరు షిరకావా తన నోబెల్ ప్రసంగంలో చెప్పాడు గనుక మిగిలింది. పదమూడేళ్ల ముందే అయోడిన్‌తో పాలిపిరోల్‌ను వాహకం చేసిన వైస్ బృందానికి ఆ రోజు చోటు దొరకలేదు. ముగ్గురికి ఇచ్చింది అన్యాయమని నేను అనను. కొలిచి, ఎందుకో చెప్పి, ప్రపంచం చేత నమ్మించింది ఆ ముగ్గురే. కానీ పాలిమర్ మొదటిసారి కరెంటు మోసింది 1977లో అని ఎవరైనా మీతో అంటే, ఆస్ట్రేలియాలో 1963లోనే కొలిచారని చెప్పండి. అది మూఢనమ్మకం మీద మాట కాదు, అచ్చులో ఉన్న మాట.